ఊపిరిని కొలుచుట: ఉదయగిరి, ఆత్మకూరు సీమలవారికి ఒక మనవి
(ఆత్మకూరున జరిగిన వార్షిక మహాసభ రెండవనాటి యుదయమున చేసిన యుపన్యాసము)



నాకు ముందు మాటలాడిన పెద్దలు మన పూర్వుల ప్రతిష్ఠను గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు రమ్యముగా సెలవిచ్చిరి. నేను చెప్పబోవు విషయ మంత యింపైనది కాదు. దగ్గును గూర్చియు, ఆయాసమును గూర్చియు, ఆ యాయాసమును కొలుచు నొక యంత్రమును గూర్చియు మాటలాడెదను. కార్యదర్శిగారు నా కరగంట యిచ్చినారు. మన సభలలో అరగంట యనగా నెంతయో మీరెఱుగుదురు. అయినను మాట నిలుపుకొన యత్నించెదను.

మొదట మా తల్లి సంగతి చెప్పవలసియున్నది. ఉదయగిరినుండి సీతారామపురము పోవు దారినున్న మా గ్రామములో ఆమె నలువదియేండ్లు కట్టెలపొయ్యి ముందు కూర్చుండి వండినది. పొగాకు కాలమున బ్యారను చెంతకు పోయి ఆకు కఱ్ఱలకు కట్టెడిది. చుట్ట గాని బీడీ గాని ఏనాడును ముట్టి యెఱుగదు. ఏబదియేండ్లు దాటిన పిదప బిందె యెత్తినను, మెట్టెక్కినను ఆయాసము మొదలైనది. వయసు మీఱినదిలే యని తానే సరిపెట్టుకొనెడిది. నేను వైద్యవిద్య చదువుచున్న దినములలో ఆమెను ఒక పట్టణమునందలి యాసుపత్రికి తోడుకొనిపోతిని. అచ్చట గొట్టమొకటి నోట పెట్టి, గుండెలనిండ గాలి పీల్చి, ఒక్క యుదుటున ఊదుమనిరి. పరీక్ష చేయు కుఱ్ఱవాడు "ఊదమ్మా, ఊదు, ఇంకా, ఇంకా, ఆపొద్దు" అని కేకలు వేయుచుండెను. ఆమె ఊదబోవును, దగ్గు వచ్చును. మఱల ఊదబోవును, తల తిరుగును. చుట్టును కొత్తవారు నిలిచి చూచుచుండగా నోరు తెఱచి ఊదుటకు సిగ్గు వేఱొకటి. ఎనిమిదిమాఱులైన పిదప కాగితముపై "రోగి సహకరింపలేదు" అని వ్రాసి పంపిరి. తిరిగి వచ్చునపుడు బస్సులో ఆమె నాతో, "నాకు ఊదేది చేతగాలేదు నాయనా, నీకు తలవంపులు తెచ్చినా" అనెను.

ఆ కాగితమును నేనిప్పటికిని దాచియుంచితిని. సహకరింపనిది ఆమె కాదు, ఆమె ఊపిరితిత్తులు. అవి సహకరించుటలేదనియే గదా ఆసుపత్రికి వచ్చినది! ఆమె పోయి పదునాలుగేండ్లైనది. ఆ జబ్బు ఎంతవఱకు ముదిరినదో ఎవ్వరును కొలువకయే పోయినది.

ఊది కొలుచు నా పరీక్షను స్పైరోమెట్రీ యందురు. అది తక్కువది కాదు. 1846లో జాన్ హచిన్సన్ అను ఇంగ్లీషు వైద్యుడు నీటితొట్టెలో బోర్లించిన పాత్ర వంటి యంత్రమును చేసి, రెండువేలమందికి పైగా జనులచే ఊదించి, మనుజుడు నిండ పీల్చి విడువగల గాలి యెంతయో లెక్కకట్టెను. నేటికిని ఊపిరితిత్తుల జబ్బులను నిర్ణయించుటకు అదియే మూలస్తంభము. అయితే దానియం దొక చిక్కు కలదు. మన బలమును, మన ప్రయత్నమును, మన గ్రహణశక్తిని కలిపి అది కొలుచును. ఒకే రీతిగా మూడుమాఱులైనను గట్టిగా ఊదవలయును. నాలుగేండ్ల పసివాడు ఊదలేడు. ఎనుబదియేండ్ల ముసలి ఊదలేదు. గుండెపోటు వచ్చి కొలదిదినములైనవానిని, కన్ను కోయించుకొన్నవానిని ఊదుమనుట మంచిది కాదు.

మఱి ఊదనక్కఱలేని పరీక్ష లేదా? కలదు. క్రొత్తదియు కాదు. 1956లోనే అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆర్థర్ డుబ్వాయి అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును దీని మూలసూత్రమును ప్రకటించిరి. దీనికి ఆసిలోమెట్రీ యని పేరు. గాలియలల పరీక్ష యని మనము చెప్పుకొందము. యంత్రముల లెక్కలు సులభమగువఱకు ఇది పరిశోధనశాలలలోనే యుండిపోయినది. గణకయంత్రములు చిన్నవైన పిదప వైద్యుని బల్లపైకి వచ్చినది.

సంతలో కుండ కొనునప్పుడు మన ఆడువారేమి చేయుదురు? వ్రేలితో తట్టి వినెదరు. కుండ పలుకనక్కఱలేదు; తట్టినప్పుడు వచ్చు ధ్వనియే లోపలి బీటను చెప్పివేయును. 1761లో ఆస్ట్రియాదేశపు వైద్యుడు ఆవెన్‌బ్రుగ్గర్, సత్రము నడపువాని కుమారుడు, ఱొమ్మును వ్రేలితో తట్టి లోపలి జబ్బును గుర్తించు విద్యను గ్రంథరూపమున ప్రకటించెను. గాలియలల పరీక్షయు తట్టి చూచుటయే, కాని వ్రేలికి మాఱుగా గాలితో తట్టుదురు.

చేయు విధ మిది. రోగి కుర్చీలో నిటారుగా కూర్చుండును. ముక్కునకు చిన్న పట్టుకఱ్ఱ తగిలింతురు. గొట్టమును పెదవులతో గట్టిగా మూసి పట్టుకొని, రెండు అఱచేతులతో బుగ్గలను అదిమి పట్టుకొనవలయును. ఆమీద చేయవలసిన పని యేమియు లేదు. ఇంటి యరుగుపై కూర్చున్నప్పుడెట్లో అట్లే మెల్లగా ఊపిరి పీల్చి విడుచుచుండవలయును. పెద్దవారికి 30 సెకనులు, పిల్లలకు 16 సెకనులు చాలును. అట్లు మూడుమాఱులు. ఆ సమయమున యంత్రము మన యూపిరిపైననే సన్నని గాలి యలలను లోపలికి పంపుచుండును. పెదవులయందు చిన్న యదురువలె తోచునే గాని నొప్పి లేదు. బుగ్గలను పట్టుకొనుట యేలయన, పట్టుకొననిచో అలలు లోనికి పోక బుగ్గలనే యాడించి వ్యర్థమగును. మూడేండ్ల పిల్లలును తల్లి యొడిలో కూర్చుండి దీనిని చేయగలరు.

ఇక నా యలలు చెప్పు సంగతి. మన శ్వాసనాళము చెట్టువలె కొమ్మకు కొమ్మగా సుమారు 23 పర్యాయములు చీలి, కడకు కోట్లకొలది గాలిగదులను చేరును. పెన్ననుండి సోమశిల కాలువ, దానినుండి పిల్లకాలువ, దానినుండి మడికి పాఱు బోదె యున్నట్లే. రెండు మిల్లీమీటర్లకంటె సన్ననైన గొట్టములు లోపల లక్షలకొలది కలవు. లెక్కకు మిక్కిలియగుటచే వానిలో కొన్ని పూడినను మొత్తము ప్రవాహమున భేద మంతగా కనబడదు. పెద్ద కాలువవద్ద నిలిచి చూచువానికి నీరు నిండుగానే పాఱుచుండును, చివరి మడి యెండుచుండును! వైద్యు లందుచేతనే యీ భాగమును ఊపిరితిత్తులలో మౌనమండలమని పిలిచిరి. పొగచేతను, దుమ్ముచేతను కలుగు చెఱుపు అనేకులకు అచ్చటనే మొదలగును.

ప్రక్కయూరి తిరునాళ్లలో డోలు చప్పుడు మన మంచముమీదికి వినవచ్చును, సన్నాయి వినరాదు. మంద్రమైన యల దూరము పోవును, తీవ్రమైన యల దారిలోనే యణగిపోవును. అట్లే సెకనుకు 5 ఊపుల యల నాళములన్నిటిని దాటి లోతునకు పోవును; 20 ఊపుల యల పెద్దనాళములలోనే చాలవఱకు అణగును. రెండింటికిని ఎదురైన నిరోధమును వేఱువేఱుగా కొలిచి, మొదటిదానిలో రెండవదానిని తీసివేసినచో, మిగిలినది సన్ననాళముల యిఱుకుతనమును సుమారుగా సూచించును. సుమారుగా నని యేల యంటినో తరువాత చెప్పెదను. నిరోధము గాక మఱియొక కొలత కలదు. ఊపిరితిత్తులు అలను పుచ్చుకొని తిరిగి యెట్లు విదల్చుచున్నవో దానినిబట్టి వాని సాగుడుతనము తెలియును. క్రొత్త సైకిలు ట్యూబు సాగినట్లు పాతబడి యెండిన ట్యూబు సాగదు గదా. లోపలి నాళములు మూసికొనిపోయినను, ఊపిరితిత్తి గట్టిపడినను ఈ కొలత చెడును.

దీనివలన ప్రయోజనమేమని యడుగుదురేమో. 2001వ సంవత్సరము సెప్టెంబరులో న్యూయార్కునగరమున ఆకాశహర్మ్యములు కూలినప్పుడు ఆ దుమ్ములో పనిచేసినవారును, ఆ చుట్టుపట్ల నివసించినవారును పిమ్మట దగ్గుతో, ఆయాసముతో వైద్యులకడకు వచ్చిరి. వారిలో కొందఱికి స్పైరోమెట్రీ సరిగానే యున్నది. ఏమియు లేదు, మనసు చెదరినదందురా? గాలియలల పరీక్ష చేసి చూడగా సన్ననాళములలో చెఱుపు కనబడెను. 2007లో ఈ సంగతి ప్రకటితమైనది. "కాగితము బాగున్నది, నీవే బాగులేవు" అని యనిపించుకొన్నవారికి అది యెంత యూరటయో మా యింటివంటి యిండ్లవారికి తెలియును.

ఇపుడు మన సీమకు వత్తము. నేను ఇచ్చటి జబ్బుల లెక్క చెప్పబోను. దేశముయొక్క లెక్క మాత్రము చెప్పెదను: హిందూదేశమున దీర్ఘకాల శ్వాసావరోధ వ్యాధి, అనగా వైద్యులు సి.ఓ.పి.డి. యనునది, 1990లో 2 కోట్ల 81 లక్షలమందికి ఉండగా 2016 నాటికి 5 కోట్ల 53 లక్షలైనది. ఉబ్బసము గలవా రా 2016లో 3 కోట్ల 79 లక్షలు. చుట్టబీడీలే దీనికి కారణమనుకొనరాదు; వంటపొగ, దుమ్ము, పూర్వము వచ్చి తగ్గిన క్షయ, ఇవన్నియు చేరును.

మన పడమటి సీమలో ఈ పదార్థములకు కొఱతయా? కలిగిరియందును, డి.సి.పల్లెయందును పొగాకు వేలము కేంద్రములు కలవు. ఆ యాకంతయు బ్యారనులలో కట్టెల మంటపై కాగినదే. వేడి చూచుటకు రాత్రులు మేల్కొను పురుషులును, ఆకు కట్టి విప్పు స్త్రీలును మనవారే. గూడూరునుండి సంగమువఱకు వ్యాపించిన అభ్రకపు నేల, మనవారు కాకిబంగారమనునది, పలుగురాతితో కలిసి దొరకును. ఆ పలుగురాతి దుమ్ము ఊపిరితిత్తులలో చేరి గడ్డకట్టి సిలికోసిస్ అను జబ్బు చేయును. నేడు గనులు చాలవఱకు మూతబడినవి, కాని ఆ దుమ్ము పీల్చిన ముసలివా రింకను కలరు. ఇక ఉదయగిరి కొయ్య గరిటెలు, చెంచాలు భౌగోళిక గుర్తింపు పొంది దేశాంతరములకును పోవుచున్నవి. దేవదారి, నర్ది మొదలగు కొయ్యలను చెక్కి, గరుకు కాగితముతో నున్నగా రుద్దు చేతులలో పెక్కు స్త్రీల చేతులే. చెంచా నున్ననగుకొలది పొట్టు సన్ననగును. సన్ననైన పొట్టే లోతునకు పోవును. ఆ పని మానుడని నేననుటలేదు. అన్నము పెట్టు పని. గాలి యాడు చోట కూర్చుండి చేయుడు, నోటికి గుడ్డ కట్టుడు, ఏడాదికొకమాఱు ఊపిరి కొలిపించుకొనుడు అని మాత్రమే కోరుచున్నాను.

వంటగ్యాసు వచ్చినది గదా యందురు. 1999లో దీపము పథకమును, 2016లో ఉజ్జ్వల పథకమును వచ్చినవి, మేలే జరిగినది. కాని మన యూళ్లలో సిలిండరు కూరకును కాఫీకిని; స్నానపు నీళ్లకు, పశువుల కుడితికి, పెండ్లి వంటలకు కట్టెలే. పొగ పోయినదనుకొని యూరకుండరాదు.

ఒకప్పుడు మన ప్రాంతములో ఊపిరిని కొలుచు యంత్రము ఒక్కటే, ఉదయగిరి కొండ. 1514లో కృష్ణదేవరాయలు గజపతులనుండి ఆ దుర్గమును గైకొనుటకు సంవత్సరమునకు పైగా ముట్టడింపవలసివచ్చెను. మా తాతగారు మాత్రము "కొండ యెక్కేటప్పుడు ఏ రాయి కాడ కూర్చున్నావురా?" అని యడిగి మనుష్యుని బలము తేల్చెడివారు. ఆ లెక్క తప్పు కాదు. కాని కొండ యెక్కజాలని నాటికి జబ్బు సగము దారి వచ్చియుండును.

ఈ యంత్రమును పొగడుటకు నేను రాలేదు. దాని కొఱతలు చెప్పకున్న నేను వైద్యుడను గాను, వర్తకుడను. ఇది క్షయను కనిపెట్టదు. రెండువారములకు మించి దగ్గున్నవాడు మొదట గళ్ల పరీక్ష చేయించుకొనవలయును. మదనపల్లెచెంత ఆరోగ్యవరమున 1915లో క్షయ చికిత్సాలయము వెలసినప్పుడు రోగులు దినములకొలది ప్రయాణించి పోయెడివారు. నేడు గళ్ల పరీక్ష, మందు ప్రభుత్వమువారే ఉచితముగా నిచ్చుచుండగా మన మలసించుటకు సాకు లేదు. రెండవది, గాలియలల పరీక్ష స్పైరోమెట్రీకి తోడే గాని మాఱు కాదు, సి.ఓ.పి.డి. నిర్ణయమునకు నేటికిని ఊది చూడవలసినదే. ఊపిరితిత్తులలో గాలి యెంత పట్టునో ఇది చెప్పజాలదు. మూడవది, ఒక యంత్రపు అంకెలు మఱియొక యంత్రముతో సరిగా నొప్పవు. మన దేశపు జనులకు ఏది సహజమను కొలతలు ఇంకను చాలినంతగా సమకూడలేదు. ఐదింటిలో ఇరువది తీసివేసిన శేషమును నేను సుమారుగా నంటి నందులకే. బుగ్గలు, కంఠము, ఊబకాయము దానిని కొంత మార్చును. కావున ఒక్కనాటి యంకెను చూచి బెదరరాదు. అదే మనుజుని, అదే యంత్రముతో, కాలక్రమమున కొలిచినచో దాని విలువ హెచ్చు.

దీని గొప్ప సౌలభ్యము మఱియొకటి కలదు. సాల్బుటమాల్ పీల్పించి, పావుగంట తాళి, మఱల కొలువవచ్చును. 5 ఊపుల నిరోధము నూటికి 40 పాళ్లు తగ్గినచో నాళములు మందునకు గట్టిగా లొంగినవని 2020లో యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీవారు ప్రమాణముగా పెట్టిరి. పీల్చు మందు మొదలిడిన జీవితాంతము విడువదు, గుండె చెడును అని మన యూళ్లలో భయము కలదు గదా! ఆ భయముతో పిల్లలకు మాత్రలును సూదులును వేయింతురు. పీల్చు మందులో మాత్ర మెంతో తక్కువ, చేరవలసిన చోటికే చేరును. మృగశిరకార్తెనాడు హైదరాబాదునకు పోయి కొరమేనుతో మందు మ్రింగి వచ్చువారు ఈ సభలోనే కలరు. వారిని నేను నిందింపను, పరిహసింపను. ఊపిరాడనివాడు ఎంత దూరమైనను పోవును. పోవుటకు ముందొకమాఱు, వచ్చిన పిదపనొకమాఱు కొలిపించుకొని, కాగితములు రెండును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడని మాత్రము వేడుచున్నాను. మా మందులకును అదే పరీక్ష.

మా పిన్నియు మా తల్లివలెనే బ్యారనుపని చేసినది. గడచిన సంవత్సరము ఆమెకు స్పైరోమెట్రీ చేయింపగా "హద్దులోనే యున్నది" అని వచ్చెను. ఆయాసము మాత్రము హద్దులో లేదు. గాలియలల పరీక్ష చేయగా సన్ననాళముల నిరోధము మిక్కుటముగా నుండెను. మందు పీల్చిన పిదప అది సగమునకు దిగెను. పీల్చు మందు మొదలుపెట్టి, నీళ్లపొయ్యిని వంటయింటినుండి పెరటికి మార్చితిమి. సంతకు పోవు దారిలో నాలుగుచోట్ల కూర్చుండునది ఇపుడు ఒక్కచోట కూర్చుండుచున్నది. అదియు పలుకరించువారు దొరికినందుననే యని ఆమె వాదము. ఆమె యీ సభలోనే కలదు. పేరు చెప్పినచో కోపించును.

ఇక నా మనవి. నిన్నటి విషయనిర్ణయసభలో, సంఘనిధినుండి ఆత్మకూరు బస్సుస్టాండు దారిలో స్వాగతద్వారము కట్టింపవలెనని తీర్మానము వచ్చినది. దానిని రెండేండ్లు ఆపుడు. ఈ యంత్రము స్పైరోమీటరుకంటె పలురెట్లు వెలగలది. మన ప్రాంతపు రైతు తనంత తాను కొనునది కాదు. ఆత్మకూరునుండి నెల్లూరు సుమారు 60 కిలోమీటర్లు, ఉదయగిరినుండి సుమారు 100. ఆయాసముతో నున్న ముసలిదానిని బస్సులో నంతదూరము తిప్పుటకంటె, చేతిపెట్టెలో పట్టు యంత్రమును మనమే తిప్పుట మేలు. ఉదయగిరిలో నుండవలెనా ఆత్మకూరులో నుండవలెనా యని తగవు పెట్టుకొనకుడు, ఒకవారమచ్చట, ఒకవారమిచ్చట.

కొని తాళము వేసిన యంత్రము గోపురమువంటిదే. ప్రతిదినము ఉదయమున తెలిసిన నిరోధముతో సరిచూడవలయును. రోగి రోగికిని క్రొత్త వడపోత బిళ్ల మార్చవలయును. ఆ ఖర్చు నెలనెల వచ్చుచునే యుండును. వసతిగృహములో బి.ఎస్.సి. చదివిన బాలికలు కలరు, వారిలో నిద్దఱికి శిక్షణ యిప్పింపుడు. కేకలు వేయనివారిని ఏరుడు. కొలిచిన కాగితమును చూచి మందు వ్రాయు వైద్యుడును కావలయును. నెలకు రెండు ఆదివారములు నేను వచ్చెదను, నెల్లూరులో నా తోడి వైద్యు లిద్దఱు వచ్చుటకు ఒప్పుకొనిరి. మఱియొక మాట. మన సంఘపు ధనము గనుక మన కులమువారికే యని బోర్డు వ్రాయింతురేని నా చందా నాకు మఱల నిప్పింపుడు. బ్యారనులో మన ప్రక్కన నిలిచి ఆకు కట్టినవారందఱును ఆ పొగయే పీల్చిరి.

ఒక స్నేహితుని యడిగి నేటి దినమునకు ఒక యంత్రమును తెచ్చితిని. భోజనానంతరము తూర్పుగదిలో నుండును. నేటి యుదయమున పీల్చు మందు వాడినవారు ఏ వేళకు వాడిరో చెప్పవలయును. కడుపునిండ తినినవెంటనే రాక అరగంట తాళి రండు. బిగుతైన నడికట్టున్నచో వదులు చేసికొనుడు. స్త్రీలకు పరీక్ష చేయునది స్త్రీయే, తలుపు మూసియే యుండును. ఎవ్వరిని ఊదుమనరు. మొదట మా పిన్ని కూర్చుండును.